చీనా భవనం చదువా, శ్రీసిటీ కొలువా?

ఇంటర్ పూర్తయిన సింధు అనే తెలుగమ్మాయి శాంతినికేతన్ వెళ్లి, అక్కడి విశ్వభారతి చీనా భవనంలో చేరి చైనీస్‌లో బి.ఏ. చదువుతానంటోంది. తండ్రికి ఇష్టం లేదు. పిన్ని వెనకేసుకొస్తోంది. తండ్రి రఘురాం శ్రీసిటీలో ఒక జపాన్ కంపెనీలో ఉద్యోగుల నియామకాలు చూస్తాడు. పిన్ని శారద విశ్వవిద్యాలయంలో తూర్పు ఆసియా చరిత్ర బోధిస్తుంది. ఇద్దరూ నేను కల్పించుకున్న మనుషులే, వాళ్లు ప్రస్తావించే చరిత్ర మాత్రం కల్పితం కాదు. ఇలాంటి వాదన మన ఇళ్లలోనూ విశ్వవిద్యాలయాల పాలకమండళ్లలోనూ గట్టిగా జరగాలని కోరుకుంటున్నాను కాబట్టే దీన్ని రాస్తున్నాను.

రఘురాం: శారదా, సింధుని చైనీస్ చదవొద్దని నేను అనటం లేదు. నేర్చుకోమను. కానీ దానికి బెంగాల్ దాకా ఎందుకు? జపనీస్ ఎన్-3 పాసై మా దగ్గరికి వచ్చిన పిల్లలకి మామూలు డిప్లొమా పిల్లల కన్నా ఎక్కువ జీతం ఇస్తున్నాం. ఏడాదిన్నర, రెండేళ్లు కోచింగ్ తీసుకుంటారు, జులైలోనో డిసెంబర్‌లోనో పరీక్ష రాస్తారు, ఉద్యోగంలో చేరతారు. అక్కడ పెనుకొండ దగ్గర కియా వాళ్లు 2017లో ఒప్పందం చేసుకుని 2019కల్లా కార్లు బయటికి తెచ్చారు. పరిశ్రమ అంత వేగంగా వస్తుంటే మీ యూనివర్సిటీ చదువు ఏళ్లకేళ్లు సాగుతుంది.

శారద: ఆ ఎన్-3 కుర్రాడు మీ దగ్గర ఏం పని చేస్తాడు బావగారూ?

రఘురాం: షాపు ఫ్లోర్ మీద జపాన్ ఇంజినీరు చెప్పింది మనవాళ్లకి చెబుతాడు. మనవాళ్లు అడిగింది ఆయనకి చెబుతాడు. మెయిళ్లు చూస్తాడు.

శారద: ఒప్పందపత్రం చదువుతాడా? రెండు కంపెనీల మధ్య గొడవ వస్తే కూర్చుని మాట్లాడగలడా?

రఘురాం: దానికి ఢిల్లీ నుంచి ఒకావిడను పిలిపిస్తాం. జేఎన్‌యూలో చదివిందట.

శారద: మీ కంపెనీ పీకల మీదికి వచ్చినప్పుడు పిలిచేది ఆ నిదానపు చదువు చదివిన మనిషినే కదా.

రఘురాం: సరే, ఆవిడ ఒక్కతే. మాకు షాపు ఫ్లోర్ మీద కావలసింది పాతికమంది. పాతికమందికీ అన్నం పెట్టే చదువు వదిలేసి ఆ ఒక్కరి కోసం డిపార్ట్‌మెంటు నడపాలంటావా? అదీ ప్రభుత్వం డబ్బుతో?

శారద: అవునంటాను. ఆ పాతికమందికి నేర్పే మాస్టారు ఎక్కడినుంచి వస్తాడు? కోచింగ్ సెంటర్ తన మాస్టారిని తాను తయారు చేసుకోలేదు. ఎక్కడో ఒక విశ్వవిద్యాలయం పదేళ్లు పెట్టి తయారు చేసిన మనిషిని జీతానికి తెచ్చుకుంటుంది. ఆ విశ్వవిద్యాలయం మూతపడితే కోచింగ్ సెంటరూ నిలవదు.

రఘురాం: పదేళ్లా!

శారద: ప్రబోధచంద్ర బాగ్చీ సంగతి చూడండి. విశ్వభారతి మొదలైన తొలి రోజుల్లో, 1921లో, రవీంద్రుడు పారిస్ నుంచి సిల్వాఁ లెవీ గారిని అతిథి ఆచార్యుడిగా పిలిపించాడు. ఆయన దగ్గర చైనీస్‌లో ఓనమాలు దిద్దినవాడు బాగ్చీ. గురువు వెంట నేపాల్ వెళ్లాడు, తర్వాత పారిస్ వెళ్లి చదివాడు. చైనాలో బౌద్ధ వాఙ్మయం మీద ఆయన ఫ్రెంచిలో రాసిన గ్రంథం మొదటి సంపుటం 1927లో వచ్చింది, రెండోది 1938లో. చివరికి అదే విశ్వభారతికి ఉపకులపతి అయ్యాడు. ఈ చదువుకి అంత కాలం పడుతుంది. తొందరపెడితే వచ్చేది కాదు.

రఘురాం: బాగ్చీ గారు మహానుభావులు. మన సింధు మామూలు పిల్ల.

శారద: బాగ్చీ కూడా ఇరవై మూడేళ్లప్పుడు మామూలు కుర్రాడే. ఆయనకి గురువూ గ్రంథాలయమూ దొరికాయి, అదే తేడా. అసలు చీనా భవనం ఎలా పుట్టిందో మీకు చెప్పాలి. హునాన్ ప్రాంతపు కుర్రవాడు తాన్ యున్-షాన్. 1927లో సింగపూర్‌లో రవీంద్రుణ్ణి కలిశాడు. మరుసటి ఏడే శాంతినికేతన్ వచ్చి చైనీస్ నేర్పడం మొదలుపెట్టాడు. మూడేళ్లకి ఆయనకి అర్థమైంది, పుస్తకాలు లేకుండా ఈ చదువు సాగదని. తిరిగి చైనా వెళ్లి ఊరూరా తిరిగి, పెద్దల్ని కలిసి, 1933లో నాన్‌జింగ్‌లో చైనా–భారత సాంస్కృతిక సంఘం పెట్టించి, డబ్బూ పుస్తకాలూ పోగుచేశాడు. వేల సంపుటాలు ఓడల్లో వచ్చాయి. అప్పుడు కట్టారు భవనం. 1937 ఏప్రిల్ 14న, బెంగాలీల ఉగాది నాడు, రవీంద్రుడే ప్రారంభించాడు. నెహ్రూ రావలసింది, ఒంట్లో బాగుండక ఇందిర చేతికి సందేశం ఇచ్చి పంపాడు. మీరు గమనించాల్సింది ఒకటుంది. ముందు గురువు వచ్చాడు, తర్వాత పుస్తకాలు వచ్చాయి, గోడలు ఆఖర్న లేచాయి. మనవాళ్లు ముందు శిలాఫలకం వేస్తారు.

రఘురాం: ఇప్పుడు ఆ పుస్తకాలెవరు చదువుతున్నారు? అన్నీ ఇంటర్నెట్‌లో ఉన్నాయి. ఫోన్ పైన పెడితే చైనీస్‌ని ఇంగ్లీషులో చూపిస్తుంది. ఇంకా గ్రంథాలయం, బీరువాలు అంటావేమిటి?

శారద: ఇంటర్నెట్‌లో ఉన్నాయి, నిజమే. చైనీస్ బౌద్ధ గ్రంథాల సంకలనమైన తైషో త్రిపిటకాన్ని టోక్యో విశ్వవిద్యాలయం వాళ్లు ఉచితంగా పెట్టారు, తైవాన్ వాళ్ల సీబేటా కూడా అలాంటిదే. చాలా పెద్ద ఉపకారం. కానీ పెట్టినంత మాత్రాన చదవడం వచ్చేయదు. కోచింగ్‌లో నేర్పేది 1956 తర్వాత చైనా ప్రభుత్వం గీతలు తగ్గించి సులువు చేసిన లిపి. చీనా భవనానికి పుస్తకాలు వచ్చింది 1930లలో. వాటిలో ఉండేది పాత లిపి. తైవాన్‌లో, హాంకాంగ్‌లో ఈనాటికీ ఆ పాత లిపే. హెచ్‌ఎస్‌కే పరీక్షలో మంచి మార్కులు తెచ్చుకున్న పిల్ల కూడా ఆ బీరువా ముందు నిలబడితే పుస్తకం వీపు మీది పేరు కూడబలుక్కోవాల్సిందే. పేరు చదివినా లోపల ఉన్నది ఈనాటి భాష కాదు, ప్రాచీన గ్రాంథికం. విరామచిహ్నాలుండవు. వాక్యం ఎక్కడ తెగుతుందో చదివేవాళ్లే తేల్చుకోవాలి. ఫోన్ తేల్చినది తప్పో ఒప్పో ఎవరు చెబుతారు? ఆ చెప్పగలిగే మనిషిని తయారు చేసేదే డిపార్ట్‌మెంటు.

రఘురాం: ప్రాచీన గ్రాంథికం చదివి సింధు ఏం చేస్తుంది? అది చైనా వాళ్ల బాధ.

శారద: అక్కడే నేను మీతో అసలు ఒప్పుకోను. అది మన బాధ. మన ఊళ్లలో రాసిన పుస్తకాలు అక్కడున్నాయి.

(ఇక్కడ నేను కలగజేసుకుంటాను. తర్వాత వచ్చే నాలుగు మాటలు ఈ వాదనకి గుండెకాయ లాంటివి. అమరావతి పేరు మనం రోజూ పలుకుతాం. ఆ ఊరి ఆచార్యుడి పుస్తకం సంగతి మాత్రం మన పాఠ్యపుస్తకాల్లో నాకు కనిపించలేదు.)

శారద: హుయాన్‌త్సాంగ్ అనే చైనా యాత్రికుడు 7వ శతాబ్దంలో అమరావతి దగ్గరి ధాన్యకటకం వచ్చాడు. చాలా ఆరామాలు పాడుబడ్డాయని, ఇరవై దాకా మాత్రం నిలిచి ఉన్నాయని రాశాడు. కొన్ని నెలలు ఉండి అక్కడి భిక్షువుల దగ్గర చదువుకున్నాడు. ఆ ఊరికి దక్షిణాన కొండలో భావవివేకుడనే ఆచార్యుడు రాబోయే మైత్రేయ బుద్ధుడి కోసం ఎదురుచూస్తూ ప్రవేశించాడని అక్కడ చెప్పుకునే కథ కూడా రాసుకున్నాడు. ఆ భావవివేకుడి తర్కగ్రంథం ఒకటి, కరతలరత్నం. సంస్కృత మూలం పోయింది. హుయాన్‌త్సాంగ్ తన దేశం వెళ్లాక చేసిన చైనీస్ అనువాదం మిగిలింది. పదమూడు వందల ఏళ్ల తర్వాత అయ్యస్వామి శాస్త్రి గారనే పండితుడు ఆ చైనీస్ పాఠం పట్టుకుని దాన్ని తిరిగి సంస్కృతంలోకి తెచ్చాడు. 1949లో అది విశ్వభారతి వాళ్ల ప్రచురణగా వచ్చింది. కృష్ణ ఒడ్డున పుట్టిన ఆలోచన చైనా వెళ్లి, శాంతినికేతన్ మీదుగా ఇంటికొచ్చింది బావగారూ. చైనీస్ నేర్పే చోటు, పాత పుస్తకాలు దాచే చోటు, సంస్కృతం తెలిసినవాళ్లు కూర్చునే చోటు, ఈ మూడూ ఒకే ఆవరణలో ఉండబట్టి ఆ పని జరిగింది.

రఘురాం: ... నాకీ సంగతి తెలియదు.

శారద: శాతవాహన రాజుకి నాగార్జునుడు రాసినట్టు చెప్పే లేఖ ఉంది, సుహృల్లేఖ. దానికి చైనీస్‌లో మూడు అనువాదాలున్నాయి. మూడోది ఇత్సింగ్ చేశాడు. ఈ దేశంలో చదువు మొదలుపెట్టేవాళ్లు ఆ లేఖని కంఠతా పడతారని కూడా ఆయనే రాశాడు. మన పిల్లలు ఒకప్పుడు ఏం వల్లెవేసేవారో చైనా యాత్రికుడు చెబితే మనకి తెలిసింది.

రఘురాం: ఆగు. నాగార్జునుడు మనవాడని గట్టిగా ఎవరు చెప్పారు? కొండకి పేరుందని మనం అనుకుంటున్నాం గాని.

శారద: మంచి ప్రశ్న. హుయాన్‌త్సాంగ్ ఆయన్ని దక్షిణ కోసలంలో పెట్టాడు, శాతవాహన రాజు ఆదరించాడని చెప్పాడు. పండితులు ఇంకా తగువులాడుకుంటున్నారు. కాదనను. ఆ తగువులో మన మాట చెల్లాలంటే మూలం చదివి మాట్లాడాలి. అలాంటి తగువే ఇంకోటి చూడండి. హుయాన్‌త్సాంగ్ చెప్పిన ధాన్యకటక రాజధాని బెజవాడే అని ఫెర్గుసన్ దొర తేల్చేశాడు. ఆయన చూసినవి ఒక సర్కారు నివేదిక, కొన్ని ఫొటోలు. కాదు అమరావతే అని మరికొందరు. ఊళ్లు మనవి, కొండలు మనవి, వాదించుకున్నది మాత్రం లండన్‌లో. ఇటు తెలుగు నేల కాలికింద తెలిసి, అటు చైనీస్ మూలం చదవగలిగిన ఒక్క మనిషి ఆ గదిలో లేడు.

రఘురాం: సరే, చైనీస్ సంగతి ఒప్పుకున్నాననుకో. మరి జపనీస్, కొరియన్ కూడా కలిపి తూర్పు ఆసియా అధ్యయనాలు అని ఒకే బోర్డు ఎందుకు పెడతారు? మా కంపెనీలో జపాన్ వాళ్లు, కొరియా వాళ్లు ఒకే పద్ధతిలో పనిచేయరు. వేరే వేరే మనుషులు.

శారద: మనుషులు వేరే. పుస్తకాల అల్మారా ఒకటే. నాగార్జునుడి మూలమధ్యమక కారికల్ని వ్యాఖ్యానంతో సహా కుమారజీవుడు 409లో చాంగాన్‌లో, అంటే ఇప్పటి షియాన్‌లో, చైనీస్ చేశాడు. అది కొరియా చేరింది. 13వ శతాబ్దంలో మంగోలులు మీద పడుతుంటే కొరియా రాజ్యం బౌద్ధ గ్రంథాలన్నిటినీ చెక్కపలకల మీద చెక్కించడానికి పూనుకుంది. 81,000కు పైగా పలకలు, 1251కి పూర్తయ్యాయి. హేయిన్సా ఆరామంలో ఇప్పటికీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఆ పలకల పాఠాన్ని ఆధారం చేసుకునే 1924 నుంచి పదేళ్లపాటు టోక్యోలో తైషో త్రిపిటకాన్ని వంద సంపుటాలుగా అచ్చువేశారు. ఇవాళ పారిస్‌లో పనిచేసినా బీజింగ్‌లో పనిచేసినా ఆ తైషో సంఖ్యలే ఉదహరిస్తారు. ఒక్క పుస్తకం ప్రయాణం తెలుసుకోవాలంటే మూడు దేశాలూ తిరగాలి. మూడు భాషల్ని మూడు గదుల్లో పెట్టి మధ్యన తలుపులు మూస్తే భాషలు వస్తాయేమో గాని ఆ దేశాలు అర్థం కావు. జపాన్‌లో కొన్ని బౌద్ధ శాఖలు నాగార్జునుణ్ణి తమ మూలపురుషుల్లో ఒకడిగా పూజిస్తాయి. ఆ సంగతి తెలిసిన తెలుగు కుర్రాడు మీ జపాన్ ఇంజినీరుతో మాట్లాడితే ఆ మాటకి ఇంకో లోతు ఉంటుంది.

రఘురాం: లోతు బాగానే ఉంటుంది. ఇక నా వైపు విను. డిగ్రీ, పీజీ కలిపి అయిదేళ్లు చైనీస్ చదివామని వచ్చినవాళ్లని నేను ఇంటర్వ్యూ చేశాను. నమస్కారం చెప్పాక నోరు పెగలదు. మీటింగ్‌లో ఒక్క వాక్యం అనువదించమంటే చెమటలు పట్టాయి. ఏ యూనివర్సిటీ అని చెప్పను. ఖాళీలు ఏళ్ల తరబడి నింపరు, ఒక్క అధ్యాపకుడే అన్ని పేపర్లూ చెబుతాడు, చైనా నుంచి వచ్చి మాట్లాడించే మనిషి ఉండడు. 2020లో చైనా తలుపులు వేసేసరికి రెండేళ్లకు పైగా మన విద్యార్థులు ఎవరూ వెళ్లలేకపోయారు. ఆ బ్యాచ్‌ల పిల్లలు ఏమైపోయారు? నీ కరతలరత్నం వాళ్లకి అన్నం పెట్టిందా?

శారద: పెట్టలేదు. మీరన్న మాటలో ఒక్కటీ తీసేసేది లేదు. మాట్లాడటం రాని పట్టా పిల్లల్ని మోసం చేయడమే. మొదటి రెండేళ్లూ రోజూ పొద్దున మాట్లాడించాలి, పాత గ్రంథాలు తర్వాత. మూడో ఏట బయటి దేశం పంపాలి. చైనాకి దారి మూసుకుంటే తైవాన్ ఉంది, వాళ్ల ప్రభుత్వం హువాయూ స్కాలర్‌షిప్ ఇస్తుంది. జపాన్ ప్రభుత్వం మెక్స్‌ట్ స్కాలర్‌షిప్ ఇస్తుంది. వాటి సంగతి తరగతిలో చెప్పి, దరఖాస్తు దగ్గరుండి పెట్టించే అధ్యాపకుడు ఉండాలి. ఇవన్నీ డిపార్ట్‌మెంటుని బాగుచేయమనడానికి కారణాలు బావగారూ, మూసేయమనడానికి కావు.

రఘురాం: ఇంకో భయం కూడా ఉంది, మనసులో మాట చెబుతున్నాను. చైనాతో సరిహద్దులో గొడవలు. 2020 జాతీయ విద్యావిధానంలో బడుల్లో నేర్పదగ్గ విదేశీ భాషల జాబితా ఇచ్చారు. కొరియన్, జపనీస్, థాయ్ ఉన్నాయి. అంతకు ముందటి ముసాయిదాలో ఉన్న చైనీస్ కనబడలేదు. ప్రభుత్వమే పక్కన పెట్టిన భాష మన పిల్ల నెత్తిన ఎందుకు?

శారద: పేచీ ఉన్నవాడి భాషే ముందు చదవాలి. 1957లో రష్యా స్పుత్నిక్‌ని పంపితే అమెరికా మరుసటి ఏడాదే చట్టం తెచ్చి రష్యన్, చైనీస్ లాంటి భాషల డిపార్ట్‌మెంట్లకి డబ్బు పోసింది. మనకి 1962 యుద్ధం కళ్లు తెరిపించింది, 1964లో ఢిల్లీ విశ్వవిద్యాలయంలో చైనా అధ్యయన కేంద్రం పెట్టారు. ఈనాటి తూర్పు ఆసియా అధ్యయనాల విభాగం దానిలోంచి పెరిగినదే. అదే ఏడాది చైనా రిపోర్ట్ పత్రిక మొదలైంది. కొట్లాట అయ్యాక చదవడం మొదలుపెట్టాం. ముందే చదివి ఉంటే ఏమై ఉండేదో నేను చెప్పలేను గాని, అవతలివాడి పత్రికలు అవతలివాడి భాషలో చదివేవాళ్లు లేని దేశం వాణ్ణి మూడోవాడి కళ్లతో చూస్తుంది. ఈనాటికీ మన టీవీల్లో చైనా గురించి మాట్లాడేవాళ్లలో ఎంతమంది చైనా పేపరు చదివి మాట్లాడుతున్నారు?

రఘురాం: తాన్ యున్-షాన్ గారు ఏమయ్యారు ఆ యుద్ధం తర్వాత?

శారద: ఇక్కడే ఉండిపోయారు. బోధ్‌గయలో బౌద్ధ విద్యాకేంద్రం కట్టడానికి తన చివరి ఏళ్లు ధారపోసి, 1983లో పోయారు. కొడుకు తాన్ చుంగ్ ఢిల్లీ విశ్వవిద్యాలయంలోనూ జేఎన్‌యూలోనూ తరాల విద్యార్థులకి చైనా చరిత్ర చెప్పాడు. రెండు దేశాలు మాటలు మానేసిన కాలంలో కూడా ఆ కుటుంబం పాఠం ఆపలేదు.

రఘురాం: (కాసేపటికి) దరఖాస్తు ఆఖరు తేదీ ఎప్పుడు?

శారద: ఇంకా ఉంది. ప్రవేశపరీక్ష మార్కుల లెక్క సింధుకి తెలుసు.

రఘురాం: నా షరతు ఒకటి. వేసవి సెలవులకి వచ్చినప్పుడల్లా మా ఫ్యాక్టరీకి రావాలి. మా దగ్గర చైనా నుంచి తెప్పించిన యంత్రాలు ఉన్నాయి. వాటి మాన్యువల్ చదివి మెకానిక్‌కి తెలుగులో చెప్పాలి. అది చేయగలిగితే నీ పాత లిపి, నీ ప్రాచీన గ్రాంథికం, ఏదైనా చదువుకోమను. చేయలేకపోతే మీ డిపార్ట్‌మెంటు వాళ్లకి నేనే ఉత్తరం రాస్తాను.

శారద: రాయండి. అలాంటి ఉత్తరాలు రాసే తండ్రులే మా డిపార్ట్‌మెంట్లకి కావాలి.

శారద వైపే నా మనసు మొగ్గింది, దాచుకోను. కానీ రఘురాం షరతు కూడా న్యాయమైనదే. భాష నోటికి రాకుండా గ్రంథాలయం ఉండి లాభం లేదు.

మన రెండు రాష్ట్రాల విద్యాధికారులకి ఒక విన్నపం. హైదరాబాదులో ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం (ఇఫ్లూ) చైనీస్, జపనీస్, కొరియన్ నేర్పుతోంది. గుంటూరు పక్కన ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయంలో బౌద్ధ అధ్యయనాలు సాగుతున్నాయి. కొత్త భవనం అడగటం లేదు. ఏటా ఇద్దరు విద్యార్థుల్ని ఎంపిక చేయండి. ఇఫ్లూలో భాష, నాగార్జునలో బౌద్ధం, చీనా భవనంలో గ్రంథపఠనం, ఏడాదిపాటు తైవాన్ గాని జపాన్ గాని వెళ్లి చదువు, మొత్తం ఏడేళ్లకి సరిపడా ఉపకారవేతనం ఇవ్వండి. చైనీస్‌లో మిగిలిన మన ఆచార్యుల గ్రంథాల్ని నేరుగా తెలుగులోకి తెచ్చే పని వాళ్లకి అప్పగించండి. మొదటిది కరతలరత్నం కావాలి.